పృచ్ఛకుడు కూడా ప్లేయరే!

కంప్యూటర్ కవిత్వం, ఆడుకునే కవిత్వం అనగానే ఇదేదో నిన్నమొన్న అమెరికాలో పుట్టిన వ్యవహారం అనుకుంటాం. దాని చరిత్రని కూడా ఎప్పుడూ అటువైపు నుంచే మొదలుపెడతారు. 1952లో క్రిస్టఫర్ స్ట్రేచీ మాంచెస్టర్‌లో ఫెరాంటి మార్క్ 1 చేత ప్రేమలేఖలు రాయించాడు. 1959లో జర్మనీలో థియో లుట్జ్, కాఫ్కా నవల నుంచి మాటలు ఏరుకుని, జడ్22 అనే యంత్రం చేత వాక్యాలు అల్లించాడు. 1961లో ఫ్రాన్సులో రేమో కెనో పది సానెట్లు అచ్చువేసి, పద్నాలుగు పాదాల్నీ విడివిడి చీలికలుగా కత్తిరించాడు. ఏ చీలిక కావాలంటే అది తిప్పుకుని చదువుకోవచ్చు. మొత్తం వంద లక్షల కోట్ల పద్యాలన్నమాట!

ఇదంతా నిజమే. కానీ ఇదే కథని మన పద్యం వైపు నుంచి చెప్పుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం.

ముందు లెక్క సంగతి. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం అని ఒకటుంది. గురువు, లఘువు రెండే గుర్తులతో వచ్చే అమరికలన్నిటినీ వరసగా రాసే పద్ధతి అది. క్నూత్ తన ‘ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ నాలుగో సంపుటంలో దీన్ని ప్రస్తావించాడు కూడా. పాదానికి 20 అక్షరాలుంటే 10,48,576 అమరికలు. మన ఉత్పలమాల (భ ర న భ భ ర వ) అందులో 355799వది. నమ్మకపోతే మీరే చూసుకోండి: గురువుకి 0, లఘువుకి 1 పెట్టండి, మొదటి అక్షరానికి విలువ 1, రెండోదానికి 2, మూడోదానికి 4 అనుకుంటూ కూడండి. 355798 వస్తుంది. దానికి ఒకటి కలపండి, ఎందుకంటే పాతవాళ్ళ లెక్క సున్నా నుంచి కాదు, ఒకటి నుంచి మొదలు :) ఈ పనిని ఉద్దిష్టం అన్నారు. అంకె ఇస్తే అమరిక చెప్పడాన్ని నష్టం అన్నారు. ఎన్‌కోడ్, డీకోడ్ అన్నా అదే.

తర్వాత బొమ్మ సంగతి. 16వ శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణం ఐదో ఆశ్వాసంలో చిత్రకవిత్వం చేశాడు. బంధ కవిత్వమంటే పద్యాన్ని పాములాగానో, చక్రంలాగానో గీసిన గళ్ళలో పెట్టడం. దారులు కలిసేచోట ఒకే అక్షరం రెండు పాదాలకీ పనికొస్తుంది. కొన్ని చక్రబంధాల్లో ఒక వలయం వెంట చదివితే కవి పేరో, కావ్యం పేరో బయటపడుతుంది. చదివేవాడు వేలు పెట్టి తిప్పితే తప్ప పద్యం పూర్తి కాదు. దీన్ని గారడీ అని తీసిపారేసిన వాళ్ళున్నారు. సరే, అందులో రసం తక్కువే అనుకుందాం. పాఠకుడికి పని చెప్పిన కవిత్వం అన్న మాట మాత్రం కాదనలేం కదా.

ఇక అసలు ఆట అవధానం. తిరుపతి వేంకట కవులు దీన్ని ఊరూరా తిప్పి జనంలోకి తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, పృచ్ఛకుడు తర్వాత రాబోయే మాటని ఊహించి ఆ అక్షరం వద్దంటాడు. అవధాని దారి మార్చుకోవాలి, గణం తప్పకూడదు, అర్థం చెడకూడదు. మోకిల నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్ళే దారిలో నేను అవధానం వీడియోలు వింటుంటాను. విన్నకొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, అందరం అవధాని ధారణకి చప్పట్లు కొడతాం గానీ, ఆ పద్యం అలా తయారవడానికి సగం కారణం ఎదుటివాడి ఎత్తులు. పృచ్ఛకుడు మారితే పద్యమే మారిపోతుంది. ఇంతకంటే ఇంటరాక్టివ్ ఏముంటుంది?

కానీ మనం పోగొట్టుకున్నది కూడా ఇక్కడే ఉంది. అవధాన పద్యాలు పుస్తకాలుగా వచ్చాయి, తిరుపతి వేంకట కవుల శతావధానసారం లాంటివి. పుస్తకంలో పద్యం మిగులుతుంది, ఆట మిగలదు. ఏ అక్షరం దగ్గర ఏది నిషేధించారు, అవధాని ఎటు తప్పుకున్నాడు అన్నది సభతోనే పోతుంది. కమిట్ లాగ్ లేకుండా చివరి బిల్డ్ ఒక్కటే చేతిలో పెట్టినట్టు!

అటువైపు వాళ్ళకీ ఈ దెబ్బ తగిలింది. 2007లో జేసన్ నెల్సన్ ఒక కవితనే దూకుతూ ఆడే గేమ్‌గా ఫ్లాష్‌లో చేశాడు. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి అడోబీ మద్దతు ఆగిపోయింది. ఆ కాలపు పనులు ఎన్నో బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. రఫుల్ లాంటి ఎమ్యులేటర్లు కొన్నిటిని మళ్ళీ నడిపిస్తున్నాయి. అక్కడ ప్లాట్‌ఫాం పోయి ఆట పోయింది. ఇక్కడ నియమాలు నిక్షేపంగా ఉన్నాయి, ఆడిన ఆటలే లేవు.

ఇప్పుడు మన దగ్గర సరంజామాకి కొదవలేదు. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగు ఉంది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. పద్యం ఇస్తే ఛందస్సు పట్టుకునే మిరియాల దిలీప్ గారి ‘ఛందం’ ఉంది. అయినా మనవాళ్ళకి కంప్యూటర్, కవిత్వం అనగానే యంత్రం చేత పద్యం రాయించాలన్న ఆలోచనే వస్తుంది. నా ఓటు దానికి కాదు. యంత్రాన్ని పృచ్ఛకుడిగా కూర్చోబెడదాం. అది అక్షరాలు నిషేధించాలి, మనిషి పద్యం కట్టాలి. ప్రతి ఎత్తూ మామూలు టెక్స్ట్ ఫైల్లో వరసగా పడాలి, ఏ సాఫ్ట్‌వేర్ మూతబడినా చదువుకునేలా.

అవధానులకి పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. ఇది వచ్చాక కూడా సభలు సభలే. కాకపోతే వారాంతంలో ఇంట్లో కూర్చుని ఒక్క కంద పద్యం కోసం తంటాలు పడినవాడికి, సభలో అవధాని ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో తెలుస్తుంది. అలాంటి శ్రోతలు పెరిగితే, సభలో ఎత్తుల్ని కూడా ఎవరో ఒకరు రాసిపెడతారు.