కొత్త పిస్టల్, సరైన తూటా: క్రీడా షూటింగ్‌లో నమ్మకాన్ని ఎలా పరీక్షించాలి?

టోక్యో ఒలింపిక్స్‌లో 2021 జులై 25న మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీ మధ్యలో భారత షూటర్ మను భాకర్ పిస్టల్ మొరాయించింది. దానిని సరిచేయడానికి విలువైన నిమిషాలు ఖర్చయ్యాయి. 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచిన ఆమె ఫైనల్‌కు చేరలేకపోయారు. ఏళ్ల సాధన ఒక చిన్న యంత్రభాగంపై ఎంతగా ఆధారపడి ఉంటుందో ఆ రోజు దేశమంతా చూసింది.

ఎయిర్ పిస్టల్‌లో మందు ఉండదు. 25 మీటర్ల స్పోర్ట్స్ పిస్టల్‌లో మాత్రం యంత్రంతో పాటు తూటా కూడా మొరాయించవచ్చు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ వ్యక్తిగత రజతాన్ని, మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి జట్టు స్వర్ణాన్ని గెలిచిన విభాగం ఇదే.

మూడు సెకన్ల పరీక్ష

ఈ అర్హత పోటీలో 60 షాట్లు ఉంటాయి. మొదటి 30 నిదానంగా గురిచూసి కాల్చేవి. తర్వాతి 30 వేగంగా కాల్చేవి. వేగ దశలో లక్ష్యం 3 సెకన్లే అందుబాటులో ఉంటుంది. ఆ తర్వాత 7 సెకన్ల విరామం. ఇలా 5 షాట్లు కలిస్తే ఒక సిరీస్. ఆ మూడు సెకన్లలో తూటా పేలకపోయినా, ఖాళీ తొడుగు బయటపడకపోయినా ఆటగాడి ఏకాగ్రత చెదురుతుంది.

కొత్త పిస్టల్ సర్దుకునే దశ

కొత్త చెప్పు కాలికి అలవాటు పడేదాకా కరిచినట్టే, కొత్త పిస్టల్ కూడా మొదట్లో కొంత బిగుసుగా పనిచేస్తుంది. స్ప్రింగులు గట్టిగా ఉంటాయి. ఒకదానిపై ఒకటి జారే లోహ భాగాలు ఇంకా నునుపు తేలి ఉండవు. అందుకే తొలి కొన్ని వందల తూటాలను పరీక్షా కాలంగా భావించాలి. ఎన్ని అన్నదానికి ఒకే లెక్క లేదు. తయారీదారు ఇచ్చిన సూచనల పుస్తకమే ప్రమాణం.

తుప్పు పట్టకుండా కర్మాగారంలో పూసిన నూనెను మొదట తుడిచివేయాలి. కదిలే భాగాలకు పలుచగా నూనె రాస్తే చాలు. తూటా కూర్చునే గది పొడిగా ఉండాలి. మ్యాగజైన్లకు 1, 2, 3 అని గుర్తులు పెట్టుకోవాలి. ఇబ్బంది ఎప్పుడూ 2వ మ్యాగజైన్‌తోనే వస్తుంటే తప్పు పిస్టల్‌ది కాదని తేలిపోతుంది.

తూటా స్వభావం

ఈ పోటీలో వాడేది పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా. దీని వ్యాసం 5.6 మిల్లీమీటర్లు, సీసపు గుండు బరువు సాధారణంగా సుమారు 2.6 గ్రాములు. నిప్పు రగిల్చే రసాయనం దీని ఇత్తడి తొడుగు అడుగు అంచులో ఉంటుంది. ఆ అంచు చుట్టూ రసాయనం సమంగా పరుచుకోకపోతే, సూది ఖాళీ చోట తగిలి తూటా పేలదు. రసాయనం మధ్యలో ఉండే పెద్ద తూటాల కంటే ఈ రకంలో పేలనివి కాస్త ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

పోటీ పిస్టళ్లు ఎక్కువగా ధ్వని వేగం కంటే తక్కువగా, సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో వెళ్లే తూటాలకు అనువుగా తయారవుతాయి. అంతకంటే వేగవంతమైనవి వాడితే భాగాలపై దెబ్బ ఎక్కువగా పడుతుంది. మరీ బలహీనమైనవి వాడితే యంత్రం పూర్తిగా వెనక్కి కదలదు.

కచ్చితత్వమా, నమ్మకమా?

నిదాన దశ లక్ష్యంలో 10 పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు, వేగ దశలో 100 మిల్లీమీటర్లు. స్థిరమైన ఆధారంపై నుంచి కాల్చినప్పుడు మంచి తూటాలు చాలావరకు అంతకంటే చిన్న వృత్తంలోనే పడతాయి. కాబట్టి మరికొన్ని మిల్లీమీటర్ల కచ్చితత్వం కోసం ఎక్కువ ధర పెట్టేకంటే, ప్రతిసారీ పేలే తూటాను ఎంచుకోవడం మేలు.

ఒకే కంపెనీ తూటాలు కూడా లాట్ మారితే వేరుగా ప్రవర్తించవచ్చు. పెట్టెపై లాట్ సంఖ్య ఉంటుంది. రెండు మూడు లాట్లను పరీక్షించి, నచ్చిన లాట్‌నే సీజన్‌కు సరిపడా తీసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి.

ఒక పెట్టెలోని 50 తూటాలూ పేలినంత మాత్రాన తీర్పు చెప్పలేం. 500కు ఒకటి మొరాయించే తూటాతో సగటున 8 పోటీలకు ఒకసారి ఇబ్బంది తప్పదు. 300 తూటాలు వరుసగా పేలినా, అసలు లోపం వందకు ఒకటి దాకా ఉండే అవకాశాన్ని గణాంక శాస్త్రం తోసిపుచ్చదు. అందుకే తేదీ, లాట్, కాల్చిన సంఖ్య, లోపం రకం రాసే నోటు పుస్తకం అవసరం.

లోపం ఏం చెబుతోంది?

పేలని తూటా అంచుపై సూది గుర్తు లోతుగా ఉంటే అనుమానం తూటాపైనే. గుర్తు తేలికగా ఉంటే స్ప్రింగునూ, మురికినీ చూడాలి. ఖాళీ తొడుగు ఇరుక్కుంటే గదిలో పేరుకున్న మైనం, బలహీనమైన తూటా, వదులైన పట్టు కారణాలు కావచ్చు. తర్వాతి తూటా లోపలికి ఎక్కకపోతే ముందుగా మ్యాగజైన్‌ను పరీక్షించాలి.

తూటా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంది. శబ్దం మామూలు కంటే బలహీనంగా వస్తే వెంటనే కాల్పులు ఆపాలి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. అప్పుడు మరో తూటా కాల్చడం ప్రాణాంతకం.

పోటీలో పిస్టల్ మొరాయిస్తే దాన్ని తెరవకుండా, గొట్టం లక్ష్యం వైపే ఉంచి, ఖాళీ చేయి ఎత్తి అధికారికి తెలపాలి. లోపం యంత్రానిదో తూటాదో అయితే నిబంధనల మేరకు మళ్లీ అవకాశం ఇస్తారు. ఆటగాడి పొరపాటని తేలితే కాల్చని షాట్లకు సున్నా పడుతుంది.

చట్టం, భద్రత

మన దేశంలో ఈ పిస్టళ్లు, తూటాల కొనుగోలుకూ నిల్వకూ 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నిబంధనలు వర్తిస్తాయి. లైసెన్సులో అనుమతించిన పరిమితి దాటి తూటాలు ఉంచుకోకూడదు. పరీక్షలకు అయ్యే తూటాలను కూడా ఆ లెక్కలోనే చూసుకోవాలి. కొత్తవారు శిక్షకుల పర్యవేక్షణలో, ఆమోదం పొందిన రేంజ్‌లోనే, కళ్లకూ చెవులకూ రక్షణతో సాధన చేయాలి. సీసం శరీరంలోకి చేరకుండా సాధన ముగిశాక, భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.