వేషమా, రూపమా? : మాంత్రిక బాలికల కథల్లో ఆహార్యం - ట్రాన్స్‌జెండర్ కథానాయిక

ఉపోద్ఘాతం

గత విద్యాసంవత్సరంలో స్నాతకోత్తర తరగతి విద్యార్థిని ఒకరు సృజనాత్మక రచన పత్రం కోసం ఒక బొమ్మల కథ తలపెట్టారు. అందులో కథానాయిక 14 ఏళ్ల ట్రాన్స్‌జెండర్ బాలిక. ఇంట్లోవారి దృష్టిలో ఆమె కొడుకు. ఒకనాటి రాత్రి ఆమెకు మాయాశక్తి లభిస్తుంది. ఊరిని ఆపదనుండి కాపాడవలసిన ఘడియలో ఆమె రూపం మారాలి. కథ నడక, సంభాషణలు, ప్రతినాయకుడు అన్నీ సిద్ధమయ్యాయి గానీ రూపం మారిన తరువాత ఆమె ఏ దుస్తుల్లో కనిపించాలన్న చోట రచన ఆగిపోయింది. "ఏవైనా ఫరవాలేదు, మాయ కదా" అని ఆ రోజు నేను చెప్పిన సమాధానం తొందరపాటుది. ఈ కథాప్రక్రియలో దుస్తులు అలంకారమాత్రాలు కావు. కథలోని ప్రతిపాదనను మోసేవి అవే. ప్రక్రియ పుట్టిన జపాన్‌లో ఆ దుస్తుల చరిత్రను గమనించి, ట్రాన్స్‌జెండర్ కథానాయికను కల్పించే రచయితకు ఆ చరిత్రనుండి ఏమి సంక్రమిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జపాన్ భాషలో ఈ కథలను 'మహో షోజో' కథలంటారు. 'మహో' అంటే మాయ, 'షోజో' అంటే బాలిక. ఈ వ్యాసంలో 'మాంత్రిక బాలిక' అన్న మాటను వాడుతున్నాను.

విగ్గు, అద్దం: తొలినాటి మారువేషాలు

ఈ ప్రక్రియకు పూర్వరంగంగా చెప్పదగిన రచన ఒసాము తెజుకా 'రిబ్బన్ నో కిషి'. ఇది 1953లో 'షోజో క్లబ్' పత్రికలో ధారావాహికగా మొదలైంది. పుట్టకముందే ఒక దేవదూత పొరపాటువల్ల మగపిల్లవాడి హృదయం, ఆడపిల్ల హృదయం రెండూ పొందిన రాకుమారి సఫైర్ ఇందులో కథానాయిక. ఆడపిల్లకు సింహాసనం దక్కని రాజ్యం కనుక ఆమెను లోకానికి రాకుమారుడిగానే చూపుతారు. పగలు కత్తి, టోపీ, బిగుతైన దుస్తులు ధరించే సఫైర్, ఆడపిల్లగా బయట తిరగాలనుకున్నప్పుడు పొడవైన లేతరంగు విగ్గు పెట్టుకొని గౌను వేసుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కు గమనించదగినది. ఆమె బాలికే. అయినా బాలికగా కనిపించడానికి ఆమెకు మారువేషం కావాలి. తెజుకా బాల్యం గడిచిన తకరజుకా పట్టణంలో పాత్రలన్నీ స్త్రీలే ధరించే నాటక సమాజం 1914నుండి ప్రదర్శనలిస్తున్నది. పురుషపాత్రలు వేసే నటీమణుల ఆహార్యం సఫైర్ మీద స్పష్టంగా పడింది. కాని రంగస్థలం మీది నటి తెర దిగగానే వేషం విప్పుతుంది. సఫైర్‌కు విప్పడానికి తెర లేదు. కథ చివరకు ఆమెను వివాహంలోకి, స్త్రీత్వంలోకి చేర్చి ఊపిరి పీల్చుకుంటుంది. తెజుకా అంత మంచి ప్రశ్న వేసి అంత సులువైన జవాబుతో ముగించారన్నది నా అభిప్రాయం.

ఫుజియో అకత్సుకా 'హిమిత్సు నో అక్కో-చాన్' (1962) మాంగాలో మాయ ఒక అద్దంలో ఉంటుంది. అక్కో దాని ముందు నిలిచి తాను ఎవరిలా మారాలో చెబితే ఆ రూపం వస్తుంది. పని ముగియగానే మళ్లీ తన రూపం. తరువాత వచ్చిన 'మాంత్రికురాలు సాలీ' (1966) ఈ ప్రక్రియను టెలివిజన్‌కు తెచ్చినా దుస్తుల విషయంలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఈ తొలిదశలో దుస్తులు అరువువి. మార్పు ఎప్పుడూ 'మరొకరిగా' మారడమే.

మార్పు దృశ్యం: ఒక అసౌకర్యమైన వారసత్వం

గో నగాయ్ 'క్యూటీ హనీ' (1973) మగపిల్లల కార్యక్రమంగా ప్రసారమైంది. అందులో కథానాయిక దుస్తులు చీలికలై ఎగిరిపోయి, క్షణకాలం దేహం నగ్నంగా కనిపించి, మీదట కొత్త దుస్తులు అమరుతాయి. ఇది మొదట పురుష ప్రేక్షకుల కంటికోసం గీసిన దృశ్యం. విచిత్రమేమంటే, దీని చాయలే తరువాత బాలికల కథల్లోకి వచ్చి ప్రక్రియకు గుర్తుగా నిలిచాయి. నావోకో తకేఉచి మాంగా ఆధారంగా 1992 మార్చిలో టెలివిజన్‌లో మొదలై 1997 ఫిబ్రవరిలో 200 భాగాలతో ముగిసిన 'సైలర్ మూన్'లో దేహం రంగుల నీడగా మిగిలి, దాని చుట్టూ రిబ్బన్లు చుట్టుకొని దుస్తులుగా మారతాయి. ఈ దృశ్యాన్ని ఒకసారి గీసి దాచుకొని ప్రతివారం తిరిగి వాడతారు. నిర్మాతకు ఖర్చు తగ్గుతుంది. ఆ దృశ్యంలో కథానాయిక చేతిలో ఉన్న దండం బొమ్మల దుకాణంలో అమ్ముడవుతుంది. ప్రక్రియ ఆర్థిక మూలం ఇదే.

ట్రాన్స్‌జెండర్ కథానాయికకు ఈ దృశ్యాన్ని యథాతథంగా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. ఆమెను లోకం వేసే మొదటి ప్రశ్న ఆమె దేహం గురించే. బట్టలు తొలగి నీడ మాత్రమే మిగిలిన ఆ ఒక్క క్షణం పాఠకుడి చూపును సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరికే తీసుకువెళుతుంది. దేహాకృతి మారినట్టు గీస్తే, మార్పుకు ముందు ఆమె బాలిక కాదని ఒప్పుకున్నట్టవుతుంది. మారనట్టు గీస్తే వెకిలి నవ్వుకు అవకాశమిచ్చినట్టవుతుంది. మగదేహానికి కుచ్చుల గౌను తొడిగి నవ్వించడమే పనిగా పెట్టుకున్న 'మహో షోజో ఓరె' (2018) వంటి యానిమేలు ఉన్నాయి కూడా. దుస్తులమీదే దుస్తులు రావచ్చు. వెలుగు ముందు చేతులకు, తరువాత జడకు, పాదాలకు తాకవచ్చు. నగ్నక్షణం ప్రక్రియకు అనివార్యం కాదు.

ఒకే దుస్తులు, రెండు అర్థాలు

'సైలర్ మూన్' చేసిన అసలు మార్పు దుస్తుల ఎంపికలో ఉంది. కథానాయిక ఉసాగి మారేది రాకుమారిగానో నర్సుగానో కాదు. నావికుల చొక్కాను అనుకరించి 1920వ దశకంనుండి జపాన్ బాలికల పాఠశాలల్లో స్థిరపడిన యూనిఫాంనే మెరుగుపెట్టిన రూపంలో ధరిస్తుంది. అంటే తాను రోజూ ఏమిటో అదే మరింత ప్రకాశంగా అవుతుంది. మారువేషం పోయి గుర్తింపు వచ్చింది. ట్రాన్స్‌జెండర్ పాఠకులు ఎందరో ఈ కథను తమదిగా భావించడానికి ఇదొక కారణమై ఉంటుంది. ప్రతి బాలికకూ అడగకుండానే దక్కే యూనిఫాం, దక్కని బాలికకు మాయాదుస్తులకంటే ఎక్కువ. తకాకో షిమురా 'హోరో ముసుకో' (2002-2013) మాంగాలో మాయ ఏమీ లేదు. నితోరి అనే ట్రాన్స్‌జెండర్ బాలిక ఒకనాడు బాలికల యూనిఫాంలో బడికి వెళ్లడమే అందులో ఒక పెద్ద ఘట్టం. దానికి ఆమె చెల్లించే మూల్యం చదివినవారికి రిబ్బన్ల మాయ ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

అయితే ఈ వ్యాసానికి అన్నిటికంటే కీలకమైన ఉదాహరణ 'సైలర్ మూన్' చివరి దశలోని ముగ్గురు 'స్టార్‌లైట్స్': సేయా, తైకి, యాతెన్. మాంగాలో వీరు స్త్రీలు. భూమిమీద పగటిపూట పురుష గాయకులుగా చలామణి అవుతారు. 1996లో మొదలైన టెలివిజన్ దశలో వీరు పగలు పురుషులే, రూపం మారినప్పుడు మాత్రమే స్త్రీలు. ఇటలీలో ప్రసారం చేసినవారు దీనికి జంకి, పోరాడేది వీరి కవల సోదరీమణులని డబ్బింగులో చెప్పించారు. మూడు పాఠాల్లోనూ పోరాటవేళ దుస్తులు దాదాపు ఒకటే: నల్లనివి, పొదుపైనవి, పొడవాటి బూట్లు. మాంగాలో ఆ నల్లని దుస్తులు నిజరూపం, పగటి సూటు వేషం. టెలివిజన్‌లో సూటు నిజం, నల్లని దుస్తులు శక్తి తెచ్చిన మార్పు. ఇటలీలో అవి అసలు మరొకరివి. మాయాదుస్తుల మీద ఒక్క గీత కూడా మార్చకుండా వాటి అర్థం తలకిందులైంది. మార్చినది పగటి దుస్తుల అర్థం.

కాబట్టి చిత్రకారుడు ముందుగా గీయవలసినవి మాయాదుస్తులు కావు. కథానాయిక పగలు ఏమి కట్టుకొని తిరుగుతున్నది, అది ఎవరు కొనిచ్చినది, అందులో ఆమె ఎలా నిలబడుతున్నది అన్నవి తేలిన తరువాతే మాయాదుస్తులకు అర్థం వస్తుంది. స్టార్‌లైట్స్ టెలివిజన్ రూపంలో నాకు కనిపించే లోపం కూడా ఇక్కడే ఉంది. పగలు వారికి స్త్రీత్వపు జాడే లేదు కనుక, ఆ భారమంతా రాత్రి దుస్తులమీద పడింది. అవి దేహాన్ని చూపి స్త్రీత్వాన్ని 'నిరూపించే' దుస్తులయ్యాయి.

2018నాటి 'హుగ్‌త్తో! ప్రీక్యూర్'లో ఆన్రీ అనే బాలుడు ప్రీక్యూర్‌గా మారడం ప్రక్రియలో ఒక మలుపే. కాని అతడు తన్ను బాలుడిగానే భావించుకుంటాడు. అతని ఉదాహరణను ట్రాన్స్‌జెండర్ బాలికలకు అన్వయించడం పొరపాటు.

తెలుగులో మాట, తెలుగునేలపై చట్టం

జపాన్ భాషలో ఈ మార్పును 'హెన్షిన్' అంటారు. దేహం మారడమని పదార్థం. తెలుగులో దీనికి చటుక్కున తోచే మాట 'వేషం మార్చుకోవడం'. మన భాషలో వేషం అంటే విప్పదగినది. విరాటపర్వంలో బృహన్నలది అజ్ఞాతవాసపు వేషం, గడువు తీరగానే అర్జునుడు బయటపడతాడు. భామాకలాపంలో సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మ ధరించినది ఆహార్యం, ఎంత గొప్పదైనా అభినయంలో భాగం. ఈ రెండింటినీ ట్రాన్స్‌జెండర్ జీవితానికి పూర్వరూపాలుగా ఉదాహరించే అలవాటు మన పరిశోధనల్లో ఉంది. ఆ అలవాటును పునరాలోచించాలి. 'ఆడవేషం' అన్న మాటను ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీ మీద ప్రయోగించినప్పుడు, లోపల మరొకరున్నారనే ఆరోపణ అందులో దాగి ఉంటుంది.

ఆ ఆరోపణ మాటగానే ఉండిపోలేదు. 1871నాటి నేరస్థ తెగల చట్టం రెండో భాగం, దాని బాటలో హైదరాబాదు సంస్థానంలో వచ్చిన 1329 ఫసలీ (1919) చట్టం, 'నపుంసకులు'గా నమోదైనవారు బహిరంగస్థలంలో స్త్రీల దుస్తుల్లో లేదా నగలతో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చన్నాయి. రెండేళ్లదాకా శిక్ష. ఆ హైదరాబాదు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది 2023 జూలైలో. సైలర్ మూన్ రిబ్బన్లు టెలివిజన్ తెరమీద తిరుగుతున్న కాలమంతా ఈ నేలమీద ఓణీ, గాజులు నేరానికి సాక్ష్యాలుగా చట్టపుస్తకంలోనే ఉన్నాయి. తెలుగు కథానాయికకు దుస్తులు గీసేవారి చేతిలో ఈ చరిత్ర కూడా ఉంటుంది.

దుస్తులు ఎవరిచ్చారు?

క్లాంప్ బృందం 'కార్డ్‌క్యాప్టర్ సకురా' (1996) ఈ ప్రక్రియలో ఒక అపవాదం. సకురాకు మంత్రశక్తి ఉంది గాని మంత్రంతో దుస్తులు రావు. స్నేహితురాలు తొమోయో ప్రతి సాహసానికీ కొత్త దుస్తులు కుట్టి తెస్తుంది, సకురా సిగ్గుపడుతూ వేసుకుంటుంది. ఇది మొదట హాస్యంగా అనిపించినా, దుస్తులు మాయనుండి కాక ఒక మనిషినుండి రావడం చిన్న విషయం కాదు. మాయ ఇచ్చినది మాయతో పోతుంది. కుట్టి ఇచ్చినది పెట్టెలో ఉంటుంది.

మన ఇళ్లలో ఆడపిల్ల ఎదిగిందని నలుగురికీ చెప్పే ఓణీల వేడుకలో బట్టలు తెచ్చేది సాధారణంగా మేనమామ. ఆ కథానాయికకు అటువంటి వేడుక జరగదు. ఈ సంగతి మా విద్యార్థిని తొలి చిత్తులో లేదు. అందులో గులాబీరంగు గౌను, రెక్కలు, కిరీటం ఉన్నాయి. పగటి దుస్తులుగా పేరుకు ఒక ప్యాంటు, చొక్కా గీశారు. రెండో చిత్తులో పగటి చొక్కాకు అన్న వాడి వదిలిన గుర్తులు వచ్చాయి: మడిచిన చేతులు, వదులైన భుజాలు, జేబు దగ్గర మాసిన సిరా మరక. మాయాదుస్తులు మాత్రం అలాగే ఉన్నాయి. మూడో చిత్తులో గౌను పోయింది. అదే చొక్కామీద, సిరా మరక కనిపిస్తుండగానే, వెలుగు ఓణీగా పడింది. ఆ ఓణీ అంచును పక్కింటి అమ్మాయి ముందటి పుటలో, ఎవరికోసమో చెప్పకుండా, చేత్తో కుడుతూ ఉంటుంది. కుట్లు వంకరగా ఉన్నాయి. సరిచేయనా అని విద్యార్థిని అడిగితే వద్దన్నాను.