నాటిన అడవి, కట్టిన సరస్సు

కీల్డర్ కోట ముందు సైకిళ్ళు దించేసరికి ఎనిమిదైంది. ఆగస్టు చివరి వారం. తెల్లవారి రెండు గంటలైనా ఎదురుగా ఉండాల్సిన కొండ జాడ లేదు. మబ్బు కోట పైకప్పు మీదే కూర్చుని ఉంది. కోట అన్నానని గోల్కొండను తలుచుకోకండి. 1775లో నార్తంబర్లాండ్ డ్యూక్ వేటకొచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్న విడిది ఇది. ఇప్పుడు ఆ వాకిట్లో వేటకుక్కల బదులు బురద సైకిళ్ళు, వాటిని కడిగే నీళ్ళ గొట్టం. ఇంగ్లండు ఇక్కడితో దాదాపు అయిపోతుంది. ఇంకో నాలుగైదు కిలోమీటర్లు పోతే స్కాట్లండు.

బావమరిది నా టైరు వేలితో నొక్కి చూస్తున్నాడు. న్యూకాజిల్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఈ కొండల్లో కాపురం.

"గాలి ఎక్కువుంది బావా, కొంచెం తీసెయ్. పైన వేర్లన్నీ తడిగా ఉంటాయి."

వాల్వు నొక్కితే ఉస్సుమంది. టైరు మెత్తబడితే నేలను గట్టిగా పట్టుకుంటుంది. అయితే ఎక్కుడులో కాళ్ళను పీల్చేస్తుంది. ఆ సంగతి వాడు చెప్పలేదు.

డెడ్‌వాటర్ ఫెల్ ఎత్తు 571 మీటర్లు. పైదాకా వెళ్ళే బాటకు ఎరుపు గుర్తు. ఇక్కడ బాటల కష్టాన్ని రంగులతో చెబుతారు. ఆకుపచ్చ పిల్లాపాపలతో వచ్చేవాళ్ళకు, నీలం అలవాటు పడుతున్నవాళ్ళకు, ఎరుపు సైకిలు తమ మాట వింటుందనే నమ్మకం ఉన్నవాళ్ళకు. నలుపు సంగతి అది తొక్కేవాళ్ళకే తెలియాలి.

మొదట కంకర దారి. దుంగల లారీలు తిరిగే దారి గనక వెడల్పుగా, గట్టిగా ఉంది. చిన్న గేరులో కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి గానీ సైకిలు నడిచే మనిషి కంటే కాస్త ముందు, అంతే. పది నిమిషాల్లో చెవుల్లో నా ఊపిరి తప్ప ఇంకేం వినిపించడం లేదు. రెండు పక్కలా సిట్కా స్ప్రూస్ చెట్లు. వరసలో నిలబడి ఉన్నాయి, నిజంగానే వరసలో. తాడు పట్టి నాటినట్టు, ఒక కోణం నుంచి చూస్తే చెట్ల మధ్య సందులు సొరంగాల్లా లోపలికి పోతాయి. ఆ సందుల్లో పట్టపగలే చీకటి. కింద గడ్డి లేదు, పొద లేదు. గోధుమరంగు సూదుల పరుపు మాత్రం ఉంది. జిగురు వాసన ముక్కుకు చల్లగా తగులుతుంది.

ఈ చెట్టు ఈ దేశానిది కాదు. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో పెరిగేది, 1831లో డేవిడ్ డగ్లస్ అనే మొక్కల అన్వేషకుడి ద్వారా బ్రిటన్‌కు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో కలప కరువు చూసి బెదిరిన ప్రభుత్వం 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పెట్టింది. బొగ్గు గనుల కప్పులు కూలకుండా నిలబెట్టే గుంజలకు, ఇతర అవసరాలకు సొంత కలప కావాలి. 1926లో ఇక్కడ నాటడం మొదలైంది. అంతకుముందు ఇది గొర్రెలు మేసే బోడి కొండ. 1930ల్లో నాటినవాళ్ళలో చాలామంది గనుల్లోనూ ఓడల రేవుల్లోనూ పని పోయినవాళ్ళు. పని పోయిన గని కార్మికుడి చేతే గనుల గుంజలకు మొక్కలు నాటించారన్నమాట. ఆ మొక్కలు మానులయ్యేసరికి గనులే మూతబడుతూ వచ్చాయి. కలప మాత్రం ఇప్పటికీ కోస్తూనే ఉన్నారు. దాదాపు 650 చదరపు కిలోమీటర్ల అడవి, ఇంగ్లండులో దీనంత పెద్దది మరొకటి లేదు.

మలుపు తిరగ్గానే వెలుతురు మీద పడింది. కొండవాలంతా ఖాళీ. మొద్దులు, ఎండి తెల్లబడ్డ కొమ్మలు, వేళ్ళతో సహా పైకి లేచి నిలబడ్డ మట్టిపెళ్ళలు. 2021 నవంబరులో వచ్చిన ఆర్వెన్ తుపాను కీల్డర్‌లో లక్షల చెట్లను పడగొట్టింది. ఇక్కడ మామూలుగా గాలి పడమర నుంచి వస్తుంది. ఆ రాత్రి ఈశాన్యం నుంచి వచ్చింది. ఒకే జాతి, ఒకే వయసు, తడినేలలో లోతుకు దిగని వేళ్ళు, అలవాటు లేని దిక్కు. ఇక నిలబడేదెలా?

"ఇక్కడ దిగి నడవడానికి సిగ్గుపడకు బావా" అని వాడు పక్కనుంచి దాటిపోయాడు. సిగ్గుపడలేదు గానీ దిగనూ లేదు.

చెట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. తలుపు తీసుకుని బయటికొచ్చినట్టు మూర్ మీద పడ్డాం. మూర్ అంటే చెట్టులేని ఎత్తయిన బీడు. కనుచూపు మేరా హెదర్ పొద, మోకాలెత్తు, పూత మీదుంది. మబ్బు విడుతున్న చోట ఊదారంగు, విడని చోట బూడిదరంగు. పక్కన చక్రం జారి దిగితే నల్లగా, నెయ్యిలా మెత్తగా ఉంది నేల. అది పీట్. వేల ఏళ్ళుగా నాచు కుళ్ళీ కుళ్ళక పేరుకుంటే ఏర్పడ్డది. స్ఫాగ్నమ్ నాచు గుప్పెడు తీసి పిండితే చెంబెడు కాకపోయినా గ్లాసెడు నీళ్ళన్నా వస్తాయి. ఈ పీట్ బురదల్ని కూడా ఎండగట్టి ఒకప్పుడు స్ప్రూస్ నాటారు. ఇప్పుడు అదే అటవీశాఖ కొన్నిచోట్ల ఆ చెట్లు తీసేసి, తవ్విన కాలువలు పూడ్చి, బురదను మళ్ళీ బురదగా ఉండనిస్తోంది.

ఇంతకీ ఈ మూర్ అయినా ఆది నుంచీ ఇలాగే ఉందా అంటే, లేదు. ఒకప్పుడు ఇక్కడా చెట్లుండేవి. గొడ్డలి, గొర్రె కలిసి శతాబ్దాల పాటు వాటిని లేకుండా చేశాయి. తూర్పున కీల్డర్‌హెడ్ మూర్‌లో విలియమ్స్ క్లూ అనే లోయలో కాసిని స్కాట్స్ పైన్ చెట్లు మిగిలాయి. అవి నాటినవి కావనీ పాత అడవి వారసులనీ కొందరి నమ్మకం. వాటి గింజలతో ఇప్పుడు కొత్త చెట్లు పెంచుతున్నారు.

ఆగానో లేదో మిడ్జ్‌లు పట్టుకున్నాయి. నలుసంత పురుగు, మంద మాత్రం జాతరంత. కనురెప్పల మీద, చెవుల వెనక, హెల్మెట్ పట్టీ కింద. గాలి ఆడుతున్నంతసేపూ రావు, సైకిలు కదులుతున్నంతసేపూ రావు. కాబట్టి కదలాల్సిందే. ఎక్కుడులో ఇంతకంటే మంచి కోచ్ దొరకడు.

శిఖరం మీద రాడార్ కేంద్రం, కంచె, గాలి. గాలి రాగానే మిడ్జ్‌లు పోయాయి. మబ్బు కూడా పోయింది. దక్షిణాన అడవి మధ్య సన్నగా మెరుస్తున్నది కీల్డర్ సరస్సు. ఈశాన్యాన చెవియట్ కొండలు. ఉత్తరాన ఎదురుగా ఉన్నది స్కాట్లండు. గీత లేదు, గోడ లేదు, ఇటు ఉన్న గడ్డే అటూ ఉంది. కానీ సైకిలువాడికి ఆ గీత చాలా ముఖ్యం. ఇంగ్లండులో కాలిబాట మీద సైకిలు తొక్కే హక్కు లేదు. 1968 చట్టం గుర్రపు బాటల మీద మాత్రమే ఆ హక్కు ఇచ్చింది. ఇక బాటలున్నది ఇలా అటవీశాఖ వేసిన చోట్ల. అటు స్కాట్లండులో 2003 చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే కొండ, మూర్, అడవి, దాదాపు ఎక్కడికైనా సైకిలు మీద పోవచ్చు. నన్నడిగితే, రెండు దేశాల్లో సైకిలువాణ్ణి మనిషిగా చూసిన చట్టం రెండోదే.

ఈ కొండ కిందే ఉత్తర టైన్ నది పుడుతుంది. అది తూర్పున ఉత్తర సముద్రానికి పోతుంది. దాని పక్కనే పుట్టిన లిడెల్ పడమటి సముద్రానికి పోతుంది.

ఇక దిగుడు. సీటు కిందికి నొక్కి, పెడళ్ళ మీద లేచి నిలబడి, నడుము వెనక్కి నెట్టి, రెండు బ్రేకుల మీదా ఒక్కొక్క వేలు. మొదటి వంద గజాలు బండలు పరిచిన బాట, పళ్ళు టకటకలాడుతున్నాయి. చక్రం ముందున్న రాయిని చూస్తే దాన్నే గుద్దుతారు. చూపు పది గజాల ముందుండాలి, చక్రం సంగతి చక్రం చూసుకుంటుంది. మూర్ అయిపోయి అడవి మింగేసింది. ఎండలోంచి వచ్చిన కళ్ళకు ఒక్క క్షణం ఏమీ కనపడదు, సరిగ్గా అప్పుడే వేర్లు. తడి వేరు మీద ముందు బ్రేకు తాకకూడదు. తాకలేదు. వెనక చక్రం అటు జారి, ఇటు జారి, తనే సర్దుకుంది. ముందున్న మలుపుకు మట్టి గట్టు కట్టారు. దాని మీదికి వాలితే సైకిలు దానంతటదే తిరిగి బయటికి విసిరేస్తుంది. గంటకు పైగా ఎక్కిన కొండ మనం దిగడానికి పావుగంట పట్టదు. ఆ లెక్క ఎప్పుడూ అన్యాయమే.

కింద కీల్డర్ వయాడక్ట్. 1862 నాటి రైలు వంతెన, ఏడు కమాన్లు. రైలుదారి నదిని ఏటవాలుగా దాటుతుంది గనక కమాన్ల రాళ్ళను ఆ వాలుకు లెక్కగట్టి చెక్కాల్సివచ్చింది. పైన కోటగోడ లాంటి పిట్టగోడ. అటుపక్క డ్యూక్ కోట ఉందిగా, ఆయన చూపుకు ఆనాలి. 1950ల్లో రైళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు మేమిద్దరం దాని మీద ఫ్లాస్కు టీ తాగుతూ కింద నీళ్ళను చూస్తున్నాం. పట్టాల దారి ఆ నీళ్ళలోకి దిగిపోయింది. రైలు మార్గమే కాదు, ప్లాషెట్స్ స్టేషనూ, పొలాలూ, ఇళ్ళూ, చెట్లు నాటిన నిరుద్యోగుల శిబిరం స్థలమూ, అన్నీ కిందే.

ఇక్కడినుంచి ఆనకట్ట దాకా ఉత్తరపు గట్టు. సరస్సు చుట్టూ తిరిగే లేక్‌సైడ్ వే మొత్తం 42 కిలోమీటర్లు. ఈ గట్టు వైపు మామూలు వాహనాలకు దారి లేదు. కంకర మీద టైర్ల కరకర, అప్పుడప్పుడూ ఒడ్డును నాకే అల. ఒకచోట చెట్ల మధ్య రెండంతస్తుల చెక్క తలకాయ నోరు తెరుచుకుని ఉంది, సిల్వాస్ క్యాపిటాలిస్ అనే శిల్పం. నోట్లోకి వెళ్ళి చెవుల దాకా ఎక్కొచ్చు. ఎక్కాం.

నీటి మీద ఆస్ప్రే గద్ద తిరుగుతోంది. రెండు వందల ఏళ్ళకు పైగా ఈ జిల్లాలో లేని పక్షి 2009లో తిరిగొచ్చి గూడు పెట్టింది, అదీ అటవీ సిబ్బంది చెట్టు చివర కట్టిన మంచె మీద. ఎర్ర ఉడతల కథా అంతే. ఇంగ్లండులో మిగిలిన వాటిలో సగం దాకా ఈ అడవిలోనే ఉన్నాయంటారు. సిట్కా గింజ చాలా చిన్నది. బలిసిన బూడిద ఉడతకు దాంతో కడుపు నిండదు, ఎర్రదానికి చాలు. కలప కోసం బారులు తీర్చి నాటిన పరదేశీ చెట్టే ఇప్పుడు స్వదేశీ ఉడతకు దిక్కయింది.

ఆనకట్ట మీదికొచ్చేసరికి సాయంత్రం ఎండ. పొడవు 1140 మీటర్లు, ఎత్తు 52, నీళ్ళ వైపు తప్ప అంతా గడ్డి, కొండే అనుకుంటాం. 1975లో మొదలై 1981లో పూర్తయింది, మరుసటేడు ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. 20,000 కోట్ల లీటర్లు పడుతుంది. నిల్వలో బ్రిటన్‌లో మనిషి కట్టిన సరస్సులన్నిటికంటే పెద్దది. ఎందుకు కట్టారంటే టీసైడ్ ప్రాంతపు ఉక్కు, రసాయన ఫ్యాక్టరీల కోసం. 1960ల్లో వేసిన లెక్కల ప్రకారం వాటికి నీళ్ళు చాలవు. సరస్సు నిండేసరికి ఫ్యాక్టరీలు తగ్గిపోతున్నాయి. అక్కడి రెడ్‌కార్‌లో ఉక్కు కొలిమి 2015లో ఆరిపోయింది.

"మరి దండగేనా?" అన్నాను.

"కరువు ఏడాది అడుగు బావా. ఇక్కడ వదిలితే టైన్‌లో పోయి, రైడింగ్ మిల్ దగ్గర తోడి, సొరంగంలో వేర్, టీస్ నదులకు పంపుతారు."

దండగ కాదు. అయితే గుంజల కోసం నాటిన చెట్లూ, కొలిమి కోసం కట్టిన నీళ్ళూ ఈరోజు ఎక్కువగా అక్కరకొచ్చింది మా ఇద్దరికీ, ఆ గద్దకూ, ఉడతకూ. వీటిని ప్రకృతి సహజ సౌందర్యం అని రాసే పర్యాటక పుస్తకాలను మాత్రం నమ్మకండి.

వెళ్ళదలుచుకున్నవాళ్ళకు రెండు మాటలు. కీల్డర్‌కు రైలు లేదు. హెక్సమ్ స్టేషనులో దిగొచ్చు, అక్కడినుంచి రోడ్డే. అడవిలో చాలాచోట్ల ఫోను పలకదు, కాబట్టి ట్యూబు, పంపు, మిడ్జ్‌లకు తలవల మీ సంచిలోనే ఉండాలి. కొండ సైకిలు కొత్తయితే డెడ్‌వాటర్ జోలికి పోకుండా ముందు లేక్‌సైడ్ వే తొక్కండి. అదీ చదునుగా ఉంటుందనుకోవద్దు.