ఆర్ట్+కామ్ స్టూడియోస్

ఆర్ట్+కామ్ స్టూడియోస్ జర్మనీ రాజధాని బెర్లిన్ నగరంలో 1988లో ఏర్పడిన ఒక రూపకల్పన సంస్థ. మ్యూజియములు, విమానాశ్రయములు, వాణిజ్య సముదాయముల కొరకు, ఆయా స్థలములకే ప్రత్యేకమైన కళాకృతులను కంప్యూటర్ల సహాయంతో నిర్మించుట ద్వారా ఈ సంస్థ ప్రసిద్ధి చెందినది. ఇటువంటి వాటిని ఇన్‌స్టలేషన్లు అంటారు. గోడకు తగిలించిన చిత్రపటమును ఎక్కడికైనా మార్చవచ్చును. ఇన్‌స్టలేషన్ అటువంటిది కాదు. గది ఎత్తు, వెలుతురు, జనులు నడిచే దారి కూడా అందులో భాగములే.

చరిత్ర

కళాకారులు, రూపకర్తలు, శాస్త్రజ్ఞులు, కంప్యూటర్ నిపుణులు కలసి దీనిని మొదట ఒక సంఘముగా స్థాపించారు. కంప్యూటర్ కేవలం పనిముట్టు మాత్రమే కాదని, భావ ప్రసారానికి మాధ్యమమని వీరి విశ్వాసం. స్థాపకులలో ముఖ్యుడు యోఆఖిమ్ సౌటర్ (1959–2021). ఈయన బెర్లిన్ కళా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా కూడా పనిచేశారు. 1992లో సౌటర్, డిర్క్ ల్యూసెబ్రింక్ కలసి చేసిన "త్సెర్‌జేయర్" అనే కృతిలో, ప్రేక్షకుని చూపు పడిన చోటనల్లా చిత్రం చెదరిపోతుంది.

ముఖ్యమైన కృతులు

* డ్యుయాలిటీ (2007): టోక్యోలోని ఒసాకి ప్రాంతంలో నిర్మించబడినది. బాటసారి అడుగు వేసినపుడు నేలలోని దీపములపై వెలుగు అలలు పుట్టి, పక్కనున్న నీటిలో నిజమైన అలలుగా కొనసాగే విధంగా దీనిని రూపొందించారు.
* కైనెటిక్ స్కల్ప్‌చర్ (2008): మ్యూనిక్‌లోని బి.ఎం.డబ్ల్యు. మ్యూజియం కొరకు చేసినది. ఇందులో 714 లోహపు గోళములు సన్నని ఉక్కు తీగలకు వ్రేలాడుతుంటాయి. మొదట చిందరవందరగా కదలిన గోళములు క్రమంగా కారు ఆకారమును పొందుతాయి. రూపకర్త మనసులో ఆలోచన రూపు దిద్దుకొను విధమునకు ఇది సంకేతం.
* కైనెటిక్ రెయిన్ (2012): సింగపూర్ చాంగి విమానాశ్రయం ఒకటవ టెర్మినల్‌లో ఏర్పాటు చేయబడినది. రాగిపూత గల 1,216 అల్యూమినియం బిందువులు రెండు సమభాగములుగా, అనగా ఒక్కొక్క భాగమునకు 608 చొప్పున, అమర్చబడినవి.

పనిచేయు విధానం

ఈ చివరి రెండు కృతుల సూత్రం ఒక్కటే. ప్రతి గోళమునకు లేదా బిందువునకు ఒక తీగ, ప్రతి తీగకు ఒక మోటారు ఉంటుంది. ఏ క్షణాన ఏ తీగ ఎంత పొడవు ఉండవలెనో కంప్యూటర్ ఆదేశిస్తుంది. ఒక్కొక్క బిందువు పైకి, క్రిందికి మాత్రమే కదులుతుంది. అన్నీ కలసినపుడు అల, విమానం వంటి ఆకారములు గాలిలో తేలుతున్నట్లు కనబడతాయి.

టెర్రావిజన్ వివాదం

భూగోళమును తెరపై త్రిప్పుతూ, అంతరిక్షం నుండి ఒక వీధి వరకు దిగివచ్చినట్లు చూడగలిగే టెర్రావిజన్ అను కృతిని ఈ సంస్థ 1994లో ప్రదర్శించినది. ఉపగ్రహ చిత్రములను, విమానముల నుండి తీసిన ఫోటోలను ఇందుకు ఉపయోగించారు. గూగుల్ ఎర్త్ తమ పేటెంటును ఉల్లంఘించినదని 2014లో అమెరికాలోని డెలావేర్ ఫెడరల్ న్యాయస్థానంలో ఈ సంస్థ దావా వేసినది. 2016లో జ్యూరీ గూగుల్ పక్షాన తీర్పు ఇచ్చినది. ఉల్లంఘన జరుగలేదని, అమెరికాలోని ఎస్.ఆర్.ఐ. సంస్థ ఇదే పేరుతో ముందుగానే చేసిన పని వలన పేటెంటు కూడా చెల్లదని నిర్ణయించినది. 2017లో అప్పీలు న్యాయస్థానం దీనిని ధ్రువపరచినది.

ఈ ఉదంతం ఆధారంగా 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో "ది బిలియన్ డాలర్ కోడ్" అను ధారావాహిక వచ్చినది. అందులోని ప్రధాన పాత్రలు కల్పితములు. కావున విద్యార్థులు దానిని చరిత్రగా గాక నాటకీకరణగానే గ్రహించవలెను. ఒక ఆలోచన ఒకేకాలంలో ఇద్దరికి కలుగవచ్చును. పేటెంటు చట్టం చూచేది మాత్రం అది అంతకు ముందే బహిరంగమైనదా, లేదా అని. ఈ కేసు నుండి గ్రహించదగిన ముఖ్య విషయం ఇదే.