బంగారక్క నవ్వుకు చరిత్ర లేదా?

తెలుగునాట మతాన్ని ఎగతాళి చేసిన చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా అచ్చు పుస్తకం దగ్గర మొదలుపెడతారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’, ‘శంబుకవధ’, ఆ తర్వాత హేతువాద సంఘాలు. చదువుకున్నోడు ప్రశ్నించాడు, చదువు లేనోడు నమ్మాడు అన్నది ఈ చరిత్ర సారాంశం. పెన్నేటి ఒడ్డున రొద్దం నుంచి పెనుకొండ, ధర్మవరం దాకా ఉన్న పల్లెల వైపు నిలబడి చూస్తే ఈ లెక్క కుదరదు. అక్షరం ముక్క రాని జనం ఇక్కడ తెల్లవార్లూ రామాయణం చూశారు. చూస్తూనే మధ్యమధ్య పగలబడి నవ్వారు. తోలుబొమ్మలాటలో నవ్వారు.

ఈ ఆటకు పేరుపడ్డ ఊరు ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. 2020 సంవత్సరానికి పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. అక్కడి ఆటగాళ్ళ కుటుంబాలది మరాఠీ కలిసిన ఇంటిభాష, తెర మీద మాత్రం తెలుగు. ఆ తెలుగూ ఒకటి కాదు, రెండు. రాముడు, సీత, రావణుడు పద్యంలో, ద్విపదలో మాట్లాడతారు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊరి యాసలో మాట్లాడతారు. కథ మంచి పట్టులో ఉండగా వీళ్ళు దూరతారు. తిండి, పడక, మొగుడూపెళ్ళాల కొట్లాట, వాటితోపాటు బూతు. దేవుడి కథ కాసేపు ఆగాల్సిందే. అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1989లో అచ్చయిన తన వ్యాసం శీర్షికలోనే ఆటమీద పెత్తనం ఈ హాస్యగాళ్ళదన్నాడు. మన పండితులు మాత్రం దీన్ని మోటు హాస్యం, కాలక్షేపం అని పక్కనబెట్టారు.

కాలక్షేపం అంటే ఒక చిక్కుంది. వానలు రాకపోతే ఊరంతా కూడి ఆట పెట్టించేది. దేశంలోనే కరువుకు పేరుమోసిన సీమ ఇది. దేవుడి దయ కోసం ఆడించిన ఆటలోనే బంగారక్క బూతులు వినబడేవి. ఎవరూ ఆపమనలేదు. అంటే ఈ జనానికి నమ్మకం ఒకచోట, ఎగతాళి ఇంకోచోట లేవు. రెండూ ఒకే తెర మీద ఉన్నాయి. దీన్ని నాస్తికత్వం అనడం తప్పు. గుడ్డి భక్తి అనడం అంతకన్నా తప్పు. దండం పెడుతూనే దేవుణ్ణి మనిషి లెక్కకు దింపే పద్ధతి ఇది.

ఇంకో సంగతి తోలుది. పాత పద్ధతిలో దేవుళ్ళ బొమ్మలకు జింకతోలు, మామూలు పాత్రలకు మేకతోలు వాడేవారని చెబుతారు. తోలులోనూ పైమెట్టూ కిందిమెట్టూ! అయినా అన్నీ చచ్చిన జంతువు చర్మాలే. తోలు పని చేసి చెప్పులు కుట్టి, డప్పు బిగించిన మాదిగను ఊరు ఎడం పెట్టింది. అదే ఊరు తోలు రాముడికి చేతులెత్తి మొక్కింది. జుట్టుపోలిగాడి జోకులన్నిటికన్నా పెద్ద జోకు ఇదే. తెర మీద ఎవరన్నా దీన్ని వేశారా?

ఈ ప్రశ్న దగ్గరే జానపద హాస్యం హద్దు తెలుస్తుంది. ఎక్కువసార్లు నవ్వులపాలయ్యేది బంగారక్క ఒళ్ళే, ఆడమనిషి నోరే. దేవుడి పరువు కాసేపే పోతుంది, తెల్లారేసరికి పట్టాభిషేకం జరిగిపోతుంది. ఊరు ఎప్పటిలా ఊరే, వాడ వాడే. ఈ సీమ మనిషే అని చెప్పుకునే వేమన ఇంకొంచెం ముందుకు పోయాడు. కదిరి దగ్గరి కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. రాతిపూజనూ, కులం గొప్పనూ కలిపి వెక్కిరించాడు. బ్రౌన్ ఆ పద్యాలను 1829లో అచ్చేశాడు. అయితే వేమనను రెడ్డి అనే సంప్రదాయం చెబుతుంది. అంటరానితనాన్ని అనుభవించినవాడి నోటి నుంచి వచ్చిన ఆ నవ్వు 1941 నాటి జాషువా ‘గబ్బిలం’లో వినబడుతుంది. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా అరుంధతీసుతుడికి అపశకునమని తరిమే గబ్బిలం దొరికింది. గుళ్ళోకి మనిషి పోకూడదు, గబ్బిలం పోవచ్చు! ఇక్కడ నవ్వులపాలయింది దేవుడొక్కడే కాదు, గుడి తలుపు.

ఇదంతా ఎందుకు చెప్పుకోవాలంటే, ఈ చరిత్రలో ఒక సగం మన కళ్ళముందే మాయమవుతోంది. సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా ఆడే ఆటలు తగ్గాయి. నిమ్మలకుంట చేతులు ఇప్పుడు దీపాల గొడుగులూ, గోడ బొమ్మలూ చేసి బతుకుతున్నాయి. పాత బొమ్మలు మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. రాముడి మాటలకు రంగనాథ రామాయణం వంటి పుస్తకాలున్నాయి. బంగారక్క మాటలకు పుస్తకం లేదు. అవి ఆ పూటకు, ఆ ఊరికి, అప్పటికప్పుడు పుట్టినవి. ఆటగాడితోనే పోతాయి.

కాబట్టి బూతని సిగ్గుపడకుండా ముసలి ఆటగాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకోవాలి. ఆట చూసిన మాలమాదిగ వాడల పెద్దల్నీ అడగాలి: ఆ రాత్రి మీరెక్కడ కూర్చున్నారు? దేనికి నవ్వారు? దేనికి నవ్వలేకపోయారు? హేతువాద చరిత్రకు మొదటి పేజీ అక్కడ దొరకొచ్చు.