పల్లీ అలర్జీ ఉందని ఇప్పుడే తెలిసిందా? చాక్లెట్ రేపర్ మీద ముందు ఈ రెండు మాటలు చూడండి

యాసంగి వచ్చిందంటే వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు ఎటు చూసినా పల్లి చేన్లే. పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, సాయంత్రం సర్వపిండి, బస్సెక్కితే పల్లి పట్టీ. అలాంటి ఇంట్లో పిల్లాడికి పల్లీలు పడవని డాక్టర్ చెప్తే ఎలా ఉంటుంది? చట్నీ ఆపేస్తారు, పులిహోరలో పల్లీలు వేయరు. కంటికి కనిపించేదాన్ని పక్కన పెట్టడం కష్టమే అయినా అయ్యే పనే. అసలు చిక్కు కంటికి కనిపించని పల్లీతోనే. అది ఎక్కువగా దాక్కునే చోట్లలో చాక్లెట్ ఒకటి.

అట్లని పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు చాక్లెట్ పూర్తిగా మానేయాల్సిన పనిలేదు. కాకపోతే ఏది తినాలో, ఏది ముట్టుకోవద్దో తెలిసి ఉండాలి.

పల్లీ అలర్జీ అంటే ఏంటి?

వేరుశనగ, పల్లి, శనక్కాయ, పాలమూరులో కొన్ని చోట్ల బుడ్డలు. పేరేదైనా గింజ ఒకటే. ఇది బాదం, జీడిపప్పు జాతి కాదు, కందులు, శనగల్లాగా పప్పుజాతి పంట. కొందరి శరీరం ఇందులోని ప్రొటీన్లను శత్రువుగా లెక్కగడుతుంది. వాటిమీద ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. మళ్లీ పల్లీ లోపలికి పోగానే హిస్టమిన్ లాంటి రసాయనాలు విడుదలవుతాయి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి 2 గంటల లోపే ఇది జరుగుతుంది.

చాక్లెట్ తిన్నాక దద్దుర్లు వస్తే చాలామంది "చాక్లెట్ పడలేదు" అనుకుంటారు. కానీ కోకోకి అలర్జీ చాలా అరుదు. అందులో కలిసిన పాలు, పల్లీలు, బాదం లాంటివే ఎక్కువసార్లు కారణం.

పల్లీలు వేయని చాక్లెట్‌లోకి పల్లీ ఎలా వస్తుంది?

ఒకే ఫ్యాక్టరీలో, ఒకే మెషీన్ మీద పొద్దున పల్లీల చాక్లెట్, మధ్యాహ్నం మామూలు చాక్లెట్ తయారవుతుంటాయి. మన ఇంట్లో అయితే గిన్నె కడిగేస్తాం. చాక్లెట్ మెషీన్‌ని అలా నీళ్లతో కడగడం కష్టం. కొంచెం తడి తగిలినా చాక్లెట్ గట్టిపడి పాడవుతుంది, పైగా తడి ఉంటే క్రిములు పెరుగుతాయి. అందుకే పొడిగా తుడవడం, కొంత చాక్లెట్‌ని లోపల పారించి బయటికి తీసేయడం లాంటివి చేస్తారు. అయినా గింజ తునకలు మిగిలే అవకాశం ఉంటుంది. అలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆ కొంచెమే చాలు.

రేపర్ మీద ఏం చూడాలి?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ ఆహారంలో పల్లీలు, బాదం జాతి గింజలు, పాలు, గుడ్లు, సోయా, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు లాంటివి ఉంటే విడిగా రాయాలి.

• "కంటెయిన్స్" అని ఉండి పక్కన పీనట్స్ లేదా నట్స్ అని ఉంటే: పల్లీలు లేదా ఏదో గింజ వేశారని అర్థం. తినొద్దు.

• "మే కంటెయిన్" అని ఉంటే: వేయలేదు కానీ కలిసి ఉండొచ్చని అర్థం. అలర్జీ ఉన్నవాళ్లు దీన్ని కూడా పక్కన పెట్టడమే మంచిది.

• ఒట్టి "నట్స్" అని మాత్రమే ఉంటే: అందులో పల్లీ కూడా ఉందనే అనుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదటి మాట రాయడం తప్పనిసరి. రెండోది మాత్రం కంపెనీ ఇష్టం. అంటే "మే కంటెయిన్" అని లేనంత మాత్రాన గ్యారంటీ ఇచ్చినట్టు కాదు. అనుమానం ఉంటే ప్యాకెట్ మీదున్న కస్టమర్ కేర్ నంబర్‌కి ఫోన్ చేసి "ఇదే మెషీన్ మీద పల్లీల చాక్లెట్ కూడా తయారవుతుందా?" అని అడగొచ్చు.

ఇంకో ఇబ్బంది భాషతో. లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. అమ్మానాన్న పనికి పోతే పిల్లలకు చాక్లెట్ కొనిచ్చేది నాయనమ్మో తాతయ్యో. ఆ అక్షరాలు వాళ్లకు రాకపోవచ్చు. అందుకే పీనట్, గ్రౌండ్‌నట్, నట్స్ అనే మాటలు ఇంగ్లిష్‌లో, మూంగ్‌ఫలీ అనే మాట హిందీలో ఎలా ఉంటాయో ఒక చీటీ మీద రాసి ఇంట్లో అంటించుకుంటే పోల్చి చూస్కోవచ్చు. అన్నట్టు, ప్యాకెట్ మీదుండే పచ్చ చుక్క వెజిటేరియన్ అని మాత్రమే చెప్తుంది. అలర్జీకి దానికి సంబంధం లేదు.

సీసాలోని చిల్లర చాక్లెట్లతో జాగ్రత్త

కిరాణా కొట్టు సీసాలో ఉండే రూపాయి, రెండు రూపాయల చాక్లెట్ల రేపర్ మీద పదార్థాల జాబితా కనిపించకపోవచ్చు. ప్యాకెట్ ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు దాటకపోతే ఆ జాబితా నుంచి మినహాయింపు ఉంది. వివరాలు అవి వచ్చిన పెద్ద ప్యాకెట్ మీద గానీ డబ్బా మీద గానీ ఉంటాయి. కొట్టాయనను అడిగి అది చూడాలి. డబ్బా పారేశాడా? అయితే ఆ చాక్లెట్ వద్దు.

వీటికి దూరంగా ఉండాలి

• స్నికర్స్ లాంటి పల్లీల బార్లు, పీనట్ బటర్ చాక్లెట్లు.

• రేపర్ లేని హోమ్‌మేడ్ చాక్లెట్లు, బేకరీలో విడిగా అమ్మేవి.

• అమెరికా, గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చి కలిపి పంచే చాక్లెట్లు. పల్లీలున్నవి, లేనివి ఒకే కవర్‌లో ఉంటాయి.

• దుబాయ్ స్టైల్ పిస్తా చాక్లెట్లు. వీటిని అలర్జీ ఉన్నవాళ్లు తినొద్దని బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2025లో సూచించింది.

పోయిన నెల తిన్న బ్రాండే కదా అని చూడకుండా తినడం కూడా పొరపాటే. తయారీ మారొచ్చు. అదే బ్రాండ్‌లో చిన్న సైజు, పెద్ద సైజు వేరే చోట తయారు కావొచ్చు. అందుకే ప్రతిసారీ చూడాలి.

బడిలో పుట్టినరోజు వస్తే?

పుట్టినరోజుకు, పంద్రాగస్టుకు క్లాసులో చాక్లెట్లు పంచడం మామూలే. అందరూ తింటుంటే ఒక్క పిల్లాడు చూస్తూ కూర్చోవడం కష్టం. అందుకే ముందే చూసి పెట్టుకున్న చాక్లెట్లు నాలుగు టీచర్ దగ్గర ఉంచితే సరిపోతుంది. ఎవరైనా పంచినప్పుడు టీచర్ అందులోంచి ఇస్తారు. "ఇంట్లో అడిగి తింటా" అని చెప్పడం పిల్లలకు నేర్పాలి. పల్లీలు తిన్న చేతులను ఒట్టి నీళ్లతో కాకుండా సబ్బుతో కడుక్కోమని తోటి పిల్లలకూ చెప్పాలి. శానిటైజర్‌తో పల్లీ ప్రొటీన్ పోదు.

పొరపాటున తింటే ఏం చేయాలి?

ఊపిరి ఆడకపోవడం, గొంతు పట్టేసినట్టు ఉండటం, గొంతు మారడం, ఆగని వాంతులు, కళ్లు తిరగడం. ఇవి అనఫిలాక్సిస్ లక్షణాలు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఇది. దీనికి అసలు మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. తొడ బయటి వైపు కండరానికి ఇస్తారు. అలర్జీ మాత్ర దద్దుర్లను, దురదను తగ్గిస్తుందే తప్ప ఊపిరిని కాపాడదు. మాత్ర వేసి ఎదురుచూస్తే విలువైన సమయం పోతుంది.

వెంటనే 108కి ఫోన్ చేయాలి. పేషెంట్‌ని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. లేచి నడవనివ్వొద్దు. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ రావొచ్చు కాబట్టి ఆస్పత్రిలో డాక్టర్ల పర్యవేక్షణలో ఉండాలి. ఊరి నుంచి మహబూబ్‌నగర్ గానీ నల్లగొండ గానీ పోవడానికి గంట పట్టే వాళ్లు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఈ ఇంజెక్షన్ ఉంటుందో ముందే కనుక్కొని పెట్టుకోవాలి. ఇంట్లో ఉంచుకోవాలా, ఎంత డోసు అనేది డాక్టర్‌నే అడగాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ.

ఇక జీవితాంతం ఇంతేనా?

అందరికీ కాదు. పల్లీ అలర్జీ ఉన్న పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి పెద్దయ్యాక అది పోతుంది. పోయిందో లేదో తేల్చాల్సింది మాత్రం డాక్టరే. స్కిన్ ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ పరీక్ష చేసి, అవసరమైతే ఆస్పత్రిలోనే కొంచెం కొంచెం తినిపించి చూస్తారు. "ఒక ముక్క తిని చూద్దాం" అని ఇంట్లో ప్రయోగం చేయొద్దు. పోయినసారి దద్దుర్లతో పోయింది కదా అంటే ఈసారీ అంతటితో ఆగుతుందని చెప్పలేం. బాదం, జీడిపప్పు తినొచ్చో లేదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి.

అప్పటిదాకా ఇంట్లో అందరూ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. రేపర్ చదవకుండా చాక్లెట్ నోట్లో పెట్టొద్దు. చదవడానికి రేపరే లేకపోతే ఆ చాక్లెట్టే వద్దు.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. పరీక్షలు, మందుల విషయంలో డాక్టర్ సలహా తీసుకోవాలి.)