నిమ్మ, మంచు, సోడా: డోర్నకల్ కూడలి నేపథ్యంలో శీతలపానీయాల సామాజిక చరిత్ర

వ్యాససంగ్రహం:
నిమ్మరసం, మంచు, వాయువు నింపిన నీరు కలిసిన పానీయం నేడు తెలుగునేలపై అతిసామాన్యమైనది. ఒకప్పుడు రాజభోగంగా ఉన్న ఈ చల్లదనం సామాన్యునికి అందిన క్రమాన్ని, ఆ క్రమంలో రైలు, బొగ్గు, కులనియమాల పాత్రను డోర్నకల్ నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: డోర్నకల్, గోలీసోడా, షర్బత్, మంచు, నిజాం రైల్వే, కులనియమాలు.

1. ఉపోద్ఘాతం:
పూర్వపు వరంగల్ జిల్లాలోని డోర్నకల్ నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాజీపేట–విజయవాడ మార్గంలో భద్రాచలం రోడ్డు వైపు రైలు చీలేది ఇక్కడే. శ్రీరామనవమికి భద్రాద్రి చేరే యాత్రికుల సంప్రదాయపానీయం బెల్లం, మిరియాలు, ఏలకులతో చేసే పానకం. దానికి మంచు అక్కరలేదు. తెలుగువారి దాహశాంతికి మంచు, సోడా తరువాత వచ్చి చేరినవే.

2. మంచు - రాజభోగం నుంచి వీధికి:
అరబ్బీలో తాగడమనే అర్థమున్న ధాతువు నుంచి షర్బత్ అనే మాట పుట్టింది. అదే టర్కీ, ఇటలీల మీదుగా ఐరోపాలో ‘సోర్బెట్’ అయింది. వెనిస్‌లో నిమ్మ సోర్బెట్‌ను నురగలెత్తే ద్రాక్షసారాయంతో కలిపి ‘స్గ్రోప్పీనో’ చేస్తారు. తెలుగునాట ఆ సారాయం స్థానంలో సోడా నిలిచింది.

అక్బరు కొలువులో సూరేకారం కలిపిన నీటిలో పాత్రను తిప్పి తాగునీటిని చల్లబరిచేవారని, 1586 తరువాత కొండల నుంచి లాహోరుకు మంచు వచ్చేదని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’ తెలుపుతుంది. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ నుంచి ఓడలో కలకత్తాకు మంచు పంపాడు. చెన్నపట్నపు ఐస్ హౌస్ ఆ వ్యాపారానికే గుర్తు. 19వ శతాబ్ది చివరికి యంత్రాలతో మంచు తయారుకావడంతో ఈ దిగుమతి అంతరించింది.

చక్కెర కలిపిన నిమ్మరసం సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. మంచులో ఉప్పు కలిపితే ఉష్ణోగ్రత సున్నాకన్నా బాగా దిగుతుంది. చేతితో తిప్పే ఐస్‌క్రీము పీపాకు ఈ సూత్రమే ఆధారం. మంచు చౌక అయ్యాకే ఐసుగోలా, పుల్లైసు పిల్లల చేతికి వచ్చాయి.

3. గోలీసోడా:
నీటిలో వాయువును నింపే పద్ధతిని జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో ప్రచురించాడు. ఆ వాయువు తప్పించుకోకుండా మూయడమే తరువాతి సమస్య. హైరమ్ కాడ్ 1872 నాటికి దానికి పరిష్కారం చూపాడు. సీసా మెడలో గాజుగోలీ, మూతి లోపల రబ్బరు వలయం ఉంటాయి. సీసాను తలకిందులు చేసి నింపగా, వాయువు ఒత్తిడే గోలీని వలయానికి బిగిస్తుంది. బిరడాతో పనిలేదు, సీసాను మళ్లీమళ్లీ నింపుకోవచ్చు. అందువల్లే చిన్న పెట్టుబడిదారుకు ఇది అనుకూలమైంది. రామచంద్రపురంలో 1919లో మొదలైన సోడా వ్యాపారమే తరువాత ‘ఆర్టోస్’గా ప్రసిద్ధమైంది.

4. బొగ్గు, రైలు, దాహం:
1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. నిజాం రైలుమార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరింది. సింగరేణి బొగ్గు కోసం వేసిన శాఖ వల్ల డోర్నకల్ కూడలి అయింది. మంచుయంత్రానికి ఇంధనం, మంచుగడ్డకు వేగవంతమైన రవాణా అవసరం. కాబట్టి చల్లదనపు వ్యాప్తికి బొగ్గు, రైలు రెండూ పునాదులే.

రైలు దాహంతోపాటు కులప్రశ్ననూ మోసుకొచ్చింది. బ్రిటిషిండియా స్టేషన్లలో హిందువులకు, ముస్లిములకు వేర్వేరు నీళ్లు ఉండేవి. తెలుగు పల్లెల హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే పద్ధతి కొనసాగింది. సోడా విషయంలో మాత్రం కొంత సడలింపు కనిపిస్తుంది. ఇతరుల చేతి నీరు ముట్టనివారు కూడా సోడాను స్వీకరించేవారని కులాచారాలను అధ్యయనం చేసినవారు గుర్తించారు. మూసిన సీసాలోనిది ‘నీరు’ కాదన్న సమాధానం వారికి సరిపోయింది. అయితే ఖాళీ సీసా తిరిగి వెళ్లి, నిండి, మరొకరి నోటికి చేరుతుంది. అంతకుముందు తాగినదెవరో సీసా చెప్పదు.

ఇదే ప్రశ్న డోర్నకల్‌లో మరోరూపంలో నిలిచింది. 1912లో ఇక్కడి తొలి బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్.అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన సంఘంలో అధికులు మాల, మాదిగ కులాలవారు. ప్రభురాత్రి భోజన సంస్కారంలో పాత్ర ఒక్కటే. పరస్పరం కంచం పొత్తు లేని కులాలకు ఆ ఒక్క పాత్ర చిన్న విషయం కాదు. అక్కడ పంచుకోవడం తెలిసి చేసే నిర్ణయం, సోడా సీసాలో అది తెలియక జరిగే పని.

5. ముగింపు:
నిమ్మసోడా కులాన్ని రద్దు చేయలేదు. సీసా మూతి దగ్గర సడలిన నియమం గ్లాసు దగ్గర బిగుసుకునే ఉంది. మంచు ధర తగ్గడం వల్ల చల్లదనం అందరిదీ అయింది. పాత్ర అందరిదీ కావడానికి మాత్రం యంత్రాలు చాలలేదు, మనుషుల నిర్ణయం కావలసివచ్చింది. డోర్నకల్ కూడలి చరిత్ర ఈ రెండు మార్గాలనూ పక్కపక్కనే చూపుతుంది.